మోకాళ్ల లోతు పౌడర్‌లో స్కీ టిప్‌లు మునిగిపోతుంటే వెనక్కి వాలకండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: నాలుగు సీజన్లుగా మెషీన్‌తో చదును చేసిన రన్‌ల (స్కీ బాటల) మీద స్కీయింగ్ చేస్తున్నారు. ప్యారలల్ టర్న్‌లు (రెండు స్కీలనూ సమాంతరంగా ఉంచి తిరగడం) నిలకడగా వస్తున్నాయి. మొన్న రాత్రంతా మంచు కురిసి పొద్దున్నే మోకాళ్ల లోతు పౌడర్ (కొత్తగా కురిసిన మెత్తటి పొడి మంచు) దొరికింది. ఆశగా దిగితే మూడో టర్న్‌కే స్కీ టిప్‌లు (ముందు కొసలు) మంచులోకి దూరి బోర్లా పడ్డారు. వెంట ఉన్నవాళ్లు "బరువు వెనక్కి వెయ్" అన్నారు. వేస్తే పడటం తగ్గింది గానీ తొడలు మండిపోయాయి, స్కీలు తిరగడం మానేశాయి. ఒక స్కీ ఊడిపోతే వెతకడానికి అరగంట పట్టింది. లోపం టెక్నిక్‌లో ఉందా, 76 మిల్లీమీటర్ల వెడల్పు స్కీల్లో ఉందా, లేక నాకే ధైర్యం చాలడం లేదా అని అడిగారు.

ధైర్యం గురించి బెంగ పెట్టుకోకండి. పడి లేచి మళ్లీ దిగారంటే అది మీకు ఉన్నట్టే. స్కీలు కొంత కారణమే. అసలు కారణం మాత్రం నాలుగేళ్లు కష్టపడి నేర్చుకున్న అలవాట్లు. చదును చేసిన రన్ మీద అవి మంచి అలవాట్లే, అక్కడ వాటిని మార్చుకోవద్దు. పౌడర్‌లో అవే అడ్డం తిరుగుతాయి. నేను పద్దెనిమిది శీతాకాలాలుగా స్కీయింగ్ నేర్పిస్తున్నాను. రన్ మీద ఎంత బాగా చేసేవాళ్లయినా మొదటిసారి లోతైన మంచులోకి దిగినప్పుడు సరిగ్గా మీరు చెప్పిన చోటే తడబడతారు.

ముందు కాళ్ల కింద ఏముందో చూద్దాం. మెషీన్ తొక్కి గట్టిపరిచిన మంచు ఘనపు మీటరుకు సుమారు 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. అప్పుడే కురిసిన పొడి మంచు 50 నుంచి 100 కిలోలే. మిగతాదంతా గాలి. గట్టి మంచు మీద మీరు ఎడ్జ్ (స్కీ పక్క అంచు) వేసి నొక్కగానే అది తిరిగి నెడుతుంది, తాకీదు అందిన మరుక్షణమే జవాబు వచ్చినట్టు. పౌడర్‌లో ఆ జవాబు ఆలస్యంగా వస్తుంది. నొక్కితే ముందు లొంగుతుంది, తర్వాత స్కీ కింద ఒత్తుకుని పలకలా గట్టిపడుతుంది, ఆ తర్వాతే మిమ్మల్ని మోస్తుంది. ఈ మధ్యలో అర సెకను, ఒక్కోసారి ముప్పావు సెకను గడుస్తుంది. పౌడర్ టెక్నిక్ అంటే నా లెక్కలో ఆ అర సెకను ఓపిక పట్టడమే. కింద రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మీ మూడో టర్న్‌లో ఏం జరిగి ఉంటుందో చెప్తాను. రన్ మీద చేసినట్టే బయటి కాలి (టర్న్ వంపుకు బయటివైపు ఉండే కాలు) మీద బరువంతా ఒక్కసారిగా వేశారు. కింద గట్టి నేల లేదు కాబట్టి ఆ స్కీ సర్రున దిగబడింది. లోపలి స్కీ మీద బరువు లేదు కాబట్టి అది పైనే ఉండిపోయింది. రెండూ రెండు లోతుల్లో, రెండు వేగాలతో వెళ్లాయి. దిగబడిన స్కీకి మంచు అడ్డుపడి వేగం తగ్గింది, ఒళ్లు మాత్రం ముందుకే పోయింది. చూసేవాళ్లకు టిప్‌లు మునిగినందువల్ల పడ్డట్టు కనిపిస్తుంది. నిజానికి టిప్‌ల కంటే ముందే బరువు తప్పింది.

ఇక "వెనక్కి వాలు" అనే సలహా. ఇది చాలా పాతది, ఒకప్పుడు దానికి కారణం ఉండేది. అప్పటి స్కీలు సన్నగా, రెండు మీటర్ల పొడవుతో, బిగువుగా ఉండేవి. నెమ్మదిగా వెళ్తే వాటి టిప్‌లు నిజంగానే మంచులోకి దూరేవి. 1980ల చివర్లో ఆస్ట్రియాలో అటామిక్ కంపెనీకి చెందిన రూపర్ట్ హూబర్ వెడల్పాటి పౌడర్ స్కీ తయారు చేశాడు. తర్వాత షేన్ మెకాంకీ అనే స్కీయర్ వాటర్ స్కీని చూసి, రెండు చివరలూ పైకి వంగి మధ్యభాగం కిందికి ఉండే స్కీ కావాలని పట్టుబట్టాడు. 2002లో వోలాంట్ కంపెనీ దాన్ని స్పాచ్యులా పేరుతో తెచ్చింది. ఈరోజు అన్నిరకాల మంచుకూ వాడే మామూలు ఆల్ మౌంటెన్ స్కీకి కూడా టిప్ దగ్గర కొంచెం రాకర్ (పైకి వంపు) ఉంటోందంటే ఆ ఆలోచన పుణ్యమే. స్కీ ముక్కు తనంతట తాను తేలుతున్నప్పుడు, దాన్ని తేల్చడానికి మనం కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి పడాల్సిన పనిలేదు.

వాలితే జరిగే నష్టం మీరు అనుభవించే ఉన్నారు. బూటు వెనకభాగం మీద పిక్కలు ఆనుకుంటాయి, ఒంటిని నిలబెట్టే భారమంతా తొడ కండరాల మీద పడుతుంది. గోడకు ఆనుకుని కుర్చీ లేకుండా కూర్చుంటే రెండు నిమిషాల్లో తొడలు ఎలా వణుకుతాయో ఇదీ అంతే. పైగా స్కీ టెయిల్ (వెనక కొస) లోతుగా దిగబడి నాగలిలా గాడి తీసుకుంటూ పోతుంది, టిప్ మీద బరువే ఉండదు. టర్న్ మొదలయ్యేది టిప్ దగ్గర. అక్కడ బరువు లేకపోతే స్కీ ఎలా తిరుగుతుంది? నేను కూడా మొదటి రెండు శీతాకాలాలు వెనక్కి వాలే దిగాను. ప్రతి పౌడర్ రోజు తర్వాత మోకాలి చిప్ప కింద నొప్పితో మెట్లు దిగలేకపోయేవాణ్ని. ఒక సహోద్యోగి వీడియో తీసి చూపించాక గానీ నా తుంటి మడమల కంటే అంత వెనక ఉందని నమ్మలేదు.

సరైన నిలబాటు ఇలా ఉంటుంది. బరువు అరికాలు మొత్తం మీద పరుచుకోవాలి. రన్ మీద బొటనవేలి కింద మెత్త మీద ఎక్కువగా ఉంటారు కదా, అక్కడి నుంచి కాస్త పాదం మధ్యకు రావాలి, మడమ కూడా నేలను తాకుతున్నట్టు తెలియాలి. ముంగాలి ఎముక బూటు నాలుకను తాకుతూ ఉండాలి, దాన్ని గట్టిగా తోయకూడదు. చీలమండ, మోకాలు, తుంటి మూడూ కొద్దికొద్దిగా వంగి ఉండాలి. మోకాళ్లు మాత్రమే వంగితే మళ్లీ కుర్చీయే.

ఇది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వాలు తక్కువగా ఉన్నచోట పౌడర్‌లో నేరుగా కిందికి జారుతూ, కాళ్లతో మెల్లగా పైకీ కిందికీ ఊగండి, మంచం మీద పిల్లలు ఊగినట్టు. కిందికి చూడకుండా స్కీ ఎలా లేస్తోందో పాదాలతో గమనించండి. టిప్ ముందు లేచి టెయిల్ అక్కడే ఉండిపోతే మీరు వెనక ఉన్నారు. టెయిల్ తేలికై టిప్ మునిగితే ముందున్నారు. స్కీ మొత్తం పడవలా ఒకేసారి లేచి ఒకేసారి దిగితే అదే మీ చోటు. ఆ చోటు దొరికేదాకా టర్న్ జోలికి వెళ్లకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లతో మొదటి గంటలో ఎక్కువసేపు చేయించేది ఇదే. చాలామందికి విసుగు పుడుతుంది, కానీ మధ్యాహ్నానికి ఫలితం కనిపిస్తుంది.

ఒక చిన్న మినహాయింపు ఉంది, బహుశా "వెనక్కి వాలు" అనే మాట నిలిచిపోవడానికి కారణం కూడా ఇదే. చదును చేసిన రన్ నుంచి పక్కనున్న లోతైన మంచులోకి వేగంగా వెళ్తే బ్రేకు పడినట్టు అవుతుంది. ఆ క్షణంలో ఒళ్లు ముందుకు తూలుతుంది. అప్పుడు రెండు పాదాలనూ బెత్తెడు ముందుకు జరపాలి. నడుము వెనక్కి పోనక్కర్లేదు, పాదాలు ముందుకు వస్తే చాలు. మంచు వేగం తగ్గించగానే ఒళ్లు తిరిగి పాదాల పైకి వచ్చేస్తుంది. ఇది ఒక్క సెకను పని. దాన్నే రోజంతా చేస్తే తొడలు పోతాయి.

తర్వాతిది రెండు కాళ్ల సంగతి. రన్ మీద బయటి స్కీయే రాజు. పౌడర్‌లో రెండు స్కీలూ కలిసి ఒకే పలక. బరువు దాదాపు సగం సగం ఉండాలి. కాళ్ల మధ్య ఎడం కూడా తగ్గించండి. మరీ అతికించనక్కర్లేదు, మధ్యలో పిడికిలి పట్టేంత ఉంటే చాలు. దగ్గరగా ఉంటే రెండు స్కీల కిందా ఒకే మంచు ఒత్తుకుని గట్టిపడుతుంది. ఎడంగా ఉంటే దేనికదే గుంట తవ్వుకుంటుంది. నాలుగేళ్ల అలవాటు కాబట్టి బరువు సమంగా వేశాననుకున్నా బయటి కాలి మీదే ఎక్కువ పడుతుంది. అందుకే మొదట్లో లోపలి కాలిని కావాలనే కొంచెం ఎక్కువ నొక్కుతున్నట్టు అనుకోండి. మీకు అతిగా అనిపించేది బయటినుంచి చూస్తే సరిగ్గా సమానంగా ఉంటుంది.

దీనికి సాక్ష్యం మీ వెనకే ఉంటుంది. ఐదారు టర్న్‌లు చేసి ఆగి, తిరిగి పైకి చూడండి. పౌడర్‌లో జాడలు అబద్ధం చెప్పవు. రెండు గాడులు పక్కపక్కనే, ఒకే లోతులో, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ ఉంటే బరువు సమంగా పడింది. ఒక గాడి లోతుగా, ఒకటి పైపైన గీతలా ఉంటే బయటి కాలి మీద పడ్డారు. టర్న్ మధ్యలో మంచు పక్కకు చిమ్మి గుంటలా తవ్వి ఉంటే అక్కడ స్కీని బలవంతంగా తిప్పారు. టర్న్‌కీ టర్న్‌కీ మధ్య గాడి పైకి తేలి సన్నబడితే, కింద రాయబోయే ఊపు మీకు పట్టుబడుతోందన్నమాట.

ఆ ఊపు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని మాటల్లో చెప్పేవాళ్లు తక్కువ. పౌడర్‌లో టర్న్ అంటే పట్టువిడుపుల ఆట. ఒక్క టర్న్‌ను నెమ్మదిగా చూద్దాం. ఎడమవైపు టర్న్ చివర్లో ఉన్నారు. కాళ్లను మెల్లగా, రెండింటినీ సమంగా కిందికి నొక్కుతున్నారు. మంచు ముంగాలి మీదుగా మోకాళ్ల దాకా వస్తోంది, వేగం తగ్గుతోంది. భయం వేసేది ఇక్కడే, తొందరపడేదీ ఇక్కడే. ఏమీ చేయకండి, నొక్కుతూనే ఉండండి. స్కీల కింద ఏదో గట్టిపడినట్టు అరికాళ్లకు తెలుస్తుంది. పరుపులో స్ప్రింగ్ అడుగంటితే ఎలా ఉంటుందో అలా. ఆ గట్టిదనం తెలిసిన క్షణంలో నొక్కడం ఆపి కాళ్లను వదులు చేయండి. మంచు మిమ్మల్ని పైకి నెడుతుంది, మీరు ఎగరాల్సిన పనిలేదు. స్కీలు ఉపరితలం దగ్గరికి తేలుతాయి, ఒంట్లో బరువే లేనట్టు అనిపిస్తుంది. స్కీల దిశ మార్చాల్సింది సరిగ్గా ఇప్పుడే. రెండు చీలమండలనూ, మోకాళ్లనూ కలిపి కుడివైపుకు వాల్చండి, కొంచెమే. తర్వాత మళ్లీ మెల్లగా నొక్కుతూ దిగండి.

స్కీలు లోతులో ఉన్నప్పుడు తిప్పాలని చూస్తే మోకాళ్ల లోతు మంచును పక్కకు నెట్టాలి. అది మనిషి వల్ల అయ్యే పని కాదు. తేలినప్పుడు తిప్పితే బూటుతో పొడిని చెదరగొట్టినంత తేలిక. కష్టపడుతున్నవాళ్లకూ హాయిగా దిగుతున్నవాళ్లకూ కండబలంలో తేడా ఏమీ ఉండదు, ఈ ఒక్క క్షణం పట్టుకోవడంలోనే తేడా.

అలాగే స్కీని మెలితిప్పకండి. మెత్తటి మంచులో బరువు పడగానే స్కీ పొడవునా విల్లులా వంగుతుంది. కాస్త ఒరిగిస్తే ఆ విల్లు వంపే మిమ్మల్ని గుండ్రంగా తిప్పుకొస్తుంది. మన పని ఒరిగించడం, ఆగడం. ఎడ్జ్‌ను నిటారుగా వేస్తే స్కీ కత్తిలా దిగబడుతుంది. స్కీ అడుగుభాగం మంచు మీద పరుచుకుని ఉండాలి, ఎడ్జ్ ఉందన్న సంగతి దాదాపు మరిచిపోవచ్చు. నొక్కేటప్పుడు ఊపిరి పొడుగ్గా వదిలితే కదలిక దానంతటదే నెమ్మదిస్తుంది. టెన్షన్ పడినప్పుడు మనం ఊపిరి బిగబడతాం, ఊపిరి బిగిస్తే కాళ్లు కూడా బిగుస్తాయి. అందుకే నా విద్యార్థులను గట్టిగా "హా..." అంటూ దిగమంటాను. పక్కవాళ్లు విన్నా ఫర్వాలేదు.

వేగం దగ్గరికి వస్తే, మీ అలవాట్లలో మార్చుకోవడానికి అన్నిటికంటే మనసు ఒప్పనిది ఇదే. నీళ్ల మీద పల్చటి రాయి విసిరితే వేగం ఉన్నంతసేపే గెంతుతుంది, వేగం తగ్గగానే మునుగుతుంది. పౌడర్‌లో స్కీ కూడా అంతే. నెమ్మదిగా వెళ్తే లోతుగా దిగబడుతుంది, లోతులో తిరగదు, తిరగకపోతే భయం, భయంతో ఇంకా నెమ్మది. ఈ సుడిలో పడ్డవాళ్లే ఎక్కువ. రన్ మీద వేగం తగ్గించడానికి వాలుకు అడ్డంగా వచ్చేదాకా టర్న్ లాగుతారు కదా, ఇక్కడ అలా చేస్తే ఆగిపోయి మునుగుతారు. టర్న్‌లు ఫాల్ లైన్‌కు (వాలు నేరుగా కిందికి దిగే దారికి) దగ్గరగా, సన్నటి పాములా మెలికలు తిరుగుతూ ఉండాలి. గట్టి మంచు మీద అదే వాలులో అలా దిగితే వేగం చేయి దాటిపోతుంది. ఇక్కడ దాటదు, ఎందుకంటే ముంగాళ్లకు తగిలే మంచే మీకు బ్రేకు. మొదటిసారి దీన్ని నమ్మడం కష్టం. ఫర్వాలేదు, ఖాళీగా ఉండి, కింద సమతలంగా ముగిసే వాలు ఎంచుకోండి. అక్కడ అన్నీ తప్పినా నేరుగా జారి ఆగిపోతారు.

వాలు ఎంత ఉండాలి? 10 డిగ్రీల వాలులో మోకాళ్ల లోతు మంచు ఉంటే అసలు కదలరు. నేర్చుకోవడానికి 20 నుంచి 25 డిగ్రీలు బాగుంటుంది. మధ్యలో చదునైన భాగం వస్తే ముందే చూసుకుని వేగం దాచుకోండి, ఇతరులు వెళ్లిన జాడలోనే వెళ్లండి. పౌడర్‌లో ఆగిపోయి పోల్స్‌తో తోసుకుంటూ వెళ్లడం కంటే అలసట కలిగించేది ఇంకోటి లేదు.

చేతులు ఎప్పుడూ మీకు కనబడుతూ ఉండాలి, ఛాతీ కిందివైపు చూస్తూ ఉండాలి. పోల్ తాకించడం ఊపుకు తాళం లాంటిది, ఆసరా కాదు. సన్న బాస్కెట్ (పోల్ కొస దగ్గరి చక్రం) ఉన్న పోల్ చంక దాకా దిగబడి భుజాన్ని వెనక్కి గుంజుతుంది. పెద్ద బాస్కెట్లు తప్పకుండా వేయించుకోండి. చిన్న మార్పే, కానీ తేడా మొదటి రన్‌లోనే తెలుస్తుంది.

సాధన ఎలా మొదలుపెట్టాలంటే, నేరుగా మోకాళ్ల లోతులోకి కాదు. రాత్రి 10, 15 సెంటీమీటర్లు పడిన పొద్దున, చదును చేసిన రన్ అంచుకు వెళ్లండి. కింద గట్టి నేల ఉంటుంది, పైన పౌడర్ ఉంటుంది, రెండు ప్రపంచాలూ ఒకేచోట. ముందు నేరుగా ఊగుతూ వెళ్లండి. ఊపు కుదిరాక, పైకి తేలిన ప్రతిసారీ వేలెడంత దిశ మార్చండి. అది టర్న్ అని కూడా అనిపించకూడదు. అలా నాలుగైదు రన్‌లు అయ్యాక మెలికను కొంచెం కొంచెం పెంచండి. మొదటి టర్న్‌ను ఎప్పుడూ ఆగినచోటి నుంచి చేయకండి. నేరుగా జారి కాస్త వేగం వచ్చాక, రెండుసార్లు ఊగి, మూడో ఊపులో తిరగండి. మీ మొదటి టర్న్ బాగుంటే తర్వాతి ఐదూ బాగుంటాయి. మొదటిది గుంజి చేస్తే ఆరోదాకా దాన్ని దిద్దుకుంటూనే ఉంటారు.

స్కీల సంగతి. మీ 76 మిల్లీమీటర్ల స్కీలతో చీలమండ లోతు దాకా హాయిగా నేర్చుకోవచ్చు. మోకాళ్ల లోతులో అవి మిమ్మల్ని శిక్షిస్తాయి. కొనేయకండి, ఆ రోజుకు అద్దెకు తీసుకోండి. స్కీ నడుము (మధ్యభాగం) దగ్గర 95 నుంచి 105 మిల్లీమీటర్ల వెడల్పు, టిప్‌లో రాకర్ ఉన్నవి అడగండి. 115 దాటినవి ఎప్పుడూ లోతైన మంచు ఉండేచోట బాగుంటాయి, గట్టి మంచు మీద వాటిని ఒక ఎడ్జ్ నుంచి మరో ఎడ్జ్‌కు మార్చడం మోకాళ్లకు పని. వెడల్పాటి స్కీ టెక్నిక్‌ను నేర్పదు గానీ, తప్పు చేసినప్పుడు దిద్దుకోవడానికి ఇంకో క్షణం ఇస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఆ క్షణం చాలా విలువైనది.

స్కీ ఊడిపోతోందని బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) బిగించకండి, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నాను. పౌడర్‌లో పడ్డప్పుడు స్కీ మంచులో ఇరుక్కుని, ఒళ్లు మాత్రం నెమ్మదిగా మెలితిరుగుతుంది. అప్పుడు బైండింగ్ వదలకపోతే మోకాలి లిగమెంట్ తెగుతుంది. స్కీ పోతే అరగంట పోతుంది, లిగమెంట్ పోతే సీజన్ మొత్తం పోతుంది. దానికి బదులు ముదురు రంగు పౌడర్ రిబ్బన్లు దొరుకుతాయి. ఒక కొస బైండింగ్‌కు కట్టి మిగతాది ప్యాంటు అంచులో దోపుకుంటే, స్కీ ఎక్కడ మునిగినా రిబ్బన్ పైన కనబడుతుంది.

రిబ్బన్ లేనప్పుడు వెతికే పద్ధతి కూడా రాస్తాను, ఎందుకంటే అందరూ తప్పుచోటే తవ్వుతారు. ముందుగా పడ్డచోట ఒక పోల్ గుచ్చండి. స్కీ దాదాపు ఎప్పుడూ మీకంటే పైనే ఉంటుంది, ఎందుకంటే అది ఆగిపోయాక కూడా మీరు దొర్లుకుంటూ కిందికి వచ్చారు. బైండింగ్ ఊడిందనుకున్న చోటుకు కాస్త పైనుంచి మొదలుపెట్టండి. పోల్‌తో పొడవడం వృథా, సన్నటి స్కీకి అది తగలదు. రెండో స్కీ టెయిల్‌ను మంచులో దించి, వాలుకు అడ్డంగా గీత గీస్తున్నట్టు కోయండి. జానెడు కిందికి జరిగి మళ్లీ ఒక గీత. స్కీ సాధారణంగా వాలు దిశలోనే పడుకుని ఉంటుంది కాబట్టి అడ్డంగీత దానికి తగలక తప్పదు. దొరికాక, నిలబడేచోట మంచును తొక్కి మెట్టులా చేసుకోండి, బూటు అడుగున అంటిన మంచు గీకేయండి, కిందివైపు ఉండే స్కీని ముందు తొడగండి. లేవడానికి చేతులు నేలకు ఆనిస్తే భుజం దాకా దిగబడతాయి. రెండు పోల్స్‌ను గుణకారం గుర్తులా అడ్డంగా పరిచి, అవి కలిసేచోట అరచేయి ఆనించి లేవండి.

ఒక మాట మంచు రకం గురించి. ఇవన్నీ పొడి పౌడర్‌కు రాసినవి. ఎండ తగిలి నీరు పట్టి బరువెక్కిన మంచులో ఇవే కదలికలు ఇంకా నెమ్మదిగా, ఇంకాస్త వేగం ఉంచుకుని చేయాలి. మధ్యాహ్నానికి అందరూ తొక్కేసిన మంచులో కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, గుట్టలను మోకాళ్లతో మింగుతూ వెళ్లాలి. గాలికి పైపొర పెళుసుబారితే ఆ రోజుకు రన్ మీదకే వెళ్లిపోండి, అది నేర్చుకునే మంచు కాదు.

ఇంత రాసి ప్రమాదాల గురించి రాయకపోతే తప్పు చేసినవాణ్ని అవుతాను. రిసార్టు తెరిచిన, గస్తీ ఉన్న హద్దుల్లోనే నేర్చుకోండి. మంచు చరియలు (అవలాంచ్‌లు) ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో జారతాయి, పౌడర్ అన్నిటికంటే బాగుండే వాలులు కూడా అవే. పెద్ద మంచు కురిసిన మొదటి ఒకటి రెండు రోజులు ప్రమాదం ఎక్కువ, మనకు దిగాలని మనసు లాగేదీ ఆ రోజుల్లోనే. మంచు చరియల ఐదు మెట్ల ప్రమాద సూచికలో 3 అంటే మధ్యస్తమే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ప్రాణాలు పోయేది ఎక్కువగా 3 ఉన్న రోజుల్లోనే. హద్దు దాటాలంటే ప్రతి ఒక్కరి దగ్గరా 457 కిలోహెర్ట్జ్ బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాటిని వాడటం నేర్చుకుని ఉండాలి. మంచు కింద చిక్కుకున్నవాళ్లు బతికే అవకాశం మొదటి 10, 15 నిమిషాలు దాటాక బాగా పడిపోతుంది. అంత త్వరగా చేరేది పక్కన ఉన్న మీరే, రక్షక దళం కాదు.

హద్దుల లోపల కూడా చెట్లు ఉంటాయి. ఫర్ లాంటి సూదాకుల చెట్ల కిందికొమ్మలు మంచును ఆపుతాయి కాబట్టి, మొదలు చుట్టూ వదులు మంచుతో నిండిన బావిలాంటి గొయ్యి ఏర్పడుతుంది. పైకి ఏమీ తెలియదు. అందులో పడేవాళ్లు ఎక్కువగా తలకిందులుగా పడతారు, గింజుకున్నకొద్దీ మంచు పైన పడి ఊపిరి ఆడదు. ఒంటరిగా బయటపడటం చాలా కష్టం. చెట్ల మధ్యకు వెళ్తే ఒకరినొకరు చూసుకుంటూ, పిలిస్తే పలికేంత దూరంలోనే ఉండండి. పోల్ పట్టీలు మణికట్టుకు తగిలించుకోకండి. పడిపోతున్నట్టు తెలియగానే కొమ్మనో మొదలునో పట్టుకుని తల పైకి ఉంచండి. తల మునిగితే గింజుకోకుండా ముఖం ముందు చేతులతో చోటు చేసుకుని, అరవండి లేదా ఈల వేయండి. మీ తోటివాళ్లు కనబడకపోతే "కింద కలుస్తాంలే" అని దిగిపోకండి.

మళ్లీ మంచు పడినప్పుడు ముందు రన్ అంచున ఊగే పరీక్ష చేయండి, తర్వాత ఆరు టర్న్‌లు చేసి ఆగి, పైకి తిరిగి మీ జాడలను ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. వెలుతురు పక్కనుంచి పడేలా తీస్తే గాడుల లోతు స్పష్టంగా తెలుస్తుంది. ఏ కాలి మీద బరువు పడుతోందో, ఎన్నో టర్న్‌లో తొందరపడ్డారో దాన్ని చూసి చెప్తాను.